కలిసిన అడుగులు, చెరిగిన పేర్లు

శ్రీకాళహస్తి వీధుల్లో ఏ ఊరేగింపు కదిలినా ముందు చప్పుడు వినిపిస్తుంది, తర్వాతే మనుషులు కనిపిస్తారు. పెళ్లయినా, వినాయక నిమజ్జనమైనా, జాతరైనా అంతే. ఒకపక్క పలకల వాళ్లు, ఇంకోపక్క క్లారినెట్టూ ట్రంపెట్టూ పట్టుకున్న బ్యాండుమేళం వాళ్లు. కాసేపటికి కుర్రకారు ‘తీన్‌మార్’ అని కేక వేస్తే దెబ్బ మారుతుంది, దాంతోపాటు అడుగూ మారుతుంది. ఇది చూసినప్పుడల్లా పెద్దల నోట ఒక మాట వస్తుంది: మన ఆట పాడైపోయింది, ఎక్కడెక్కడివో వచ్చి కలిసిపోయాయి, అసలైనది మిగల్లేదు. సాంస్కృతిక సభల్లో ఉపన్యాసాలు కూడా ఇదే బాధను కొంచెం గంభీరమైన భాషలో చెబుతాయి. ఆ బాధ నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కాకపోతే నొప్పి ఒకచోట ఉంటే కట్టు ఇంకోచోట కడుతున్నాం. ఆటలో పరాయిది కలిసినందువల్ల మనకు నష్టమేమీ రాలేదు. దాన్ని ఎవరు తెచ్చారో, ఎవరు మనదానిలో కలిపారో మరిచిపోయాం. ఆ మనుషుల బతుకు ఏమైందో అడగడం మానేశాం. మన నష్టం అక్కడుంది.

ఆ మూడు చప్పుళ్లనూ విడదీసి చూద్దాం. పలక ఈ నేలది. గుండ్రటి చట్రానికి తోలు బిగించి, మంట దగ్గర కాచి, రెండు పుల్లలతో కొట్టే ఈ వాయిద్యాన్ని తరతరాలుగా మోసినవాళ్లు దళితవాడల మనుషులు. చావుకూ జాతరకూ వాళ్ల పలక లేనిదే ఊరికి జరిగేది కాదు, ఊరి పంక్తిలో మాత్రం వాళ్లకు ఆకు వేసేవాళ్లు కాదు. బ్యాండుమేళం ఐరోపా నుంచి వచ్చింది. కంపెనీ పటాలాల వెంట దిగిన ఇత్తడి బూరలు కంటోన్మెంట్లు దాటి సంస్థానాల కోటల్లోకి, అక్కణ్నించి పెళ్లి పందిళ్ల ముందుకు నడిచాయి. సైనికుల కవాతు కోసం పుట్టిన వాయిద్యాలు మన దగ్గర పెళ్లికొడుకును ఎదుర్కోలుకు తీసుకెళ్లే పని నేర్చుకున్నాయి. ఇక తీన్‌మార్ హైదరాబాదు నుంచి వచ్చింది. హైదరాబాదుకు అది ఎక్కడినుంచి వచ్చిందో తెలిసినవాళ్లు మన వైపు తక్కువ. దాని వేరు ఆఫ్రికా దాకా పోతుంది. లాటిన్ అమెరికా నాట్యాల గురించి రాసేవాళ్లు మూలవాసులు, ఆఫ్రికన్లు, ఐరోపావాళ్లు కలిసి సృష్టించిన కళ అని గర్వంగా చెబుతారు. ఆ మూడు పాయలూ మన వీధిలో, ఒకే ఊరేగింపులో, ఒకే కుర్రవాడి కాళ్లలో కలుస్తున్నాయి. అక్కడ దాన్ని వారసత్వం అంటున్నారు. ఇక్కడ మనం చెడిపోవడం అంటున్నాం.

ఐరోపా కలయిక ఈ ఊరికి కొత్తదేమీ కాదు. 1639 ఆగస్టులో మద్రాసు తీరాన కోట కట్టుకోవడానికి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డేకు అనుమతిపత్రం ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం వెలిసింది. కాళహస్తి సంస్థానాన్ని ఏలింది ఆ దామెర్ల వంశమే. అలా లేచిన సెయింట్ జార్జి కోటలో కంపెనీ బ్యాండు వాయించిన పాటలు విన్నవారిలో ముత్తుస్వామి దీక్షితులు ఒకరు. 1775లో పుట్టిన ఆయన వయసులో ఉండగా కొన్నేళ్లు మద్రాసు పక్కనున్న మణలిలో గడిపారు. అప్పుడు చెవినపడ్డ ఐరిష్, స్కాటిష్, ఇంగ్లీషు వరసలకు సంస్కృత సాహిత్యం కూర్చారు. నొట్టుస్వరాలుగా పేరుపడ్డ ఆ రచనలు సుమారు 40 ఉన్నాయి. వాటిలో ఒకటి ఇంగ్లండు జాతీయగీతం వరసలోనే నడుస్తుంది. పంచభూత లింగ క్షేత్రాల మీద కృతులు రాస్తూ మన వాయులింగాన్ని హుసేని రాగంలో కీర్తించిన వాగ్గేయకారుడూ ఆయనే. ఆయన తమ్ముడు బాలుస్వామి ఐరోపా ఫిడేలు నేర్చి కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. తంజావూరు నట్టువ సోదరుల్లో చిన్నవాడైన వడివేలు దానికి తిరువాన్కూరు ఆస్థానంలో గౌరవం సంపాదించారు. 19వ శతాబ్దంలోనే భరతనాట్యానికి పూర్వరూపమైన సాదిర్ మేళంలోకి క్లారినెట్టు వచ్చింది. ఈరోజు వయొలిన్ లేని కూచిపూడి మేళాన్ని ఊహించుకోవడం కష్టం. ఇన్ని చేరినా మన నాట్యం ఐరోపా నాట్యం అయిపోలేదు. పైగా ఫిడేలే తన కూర్చునే తీరు మార్చుకుంది. నిలబడి గడ్డం కింద పెట్టుకునే వాయిద్యాన్ని మనవాళ్లు నేల మీద కూర్చుని, ఒక కొసను పాదానికి ఆనించి, గమకం పలికేలా మలిచారు. వచ్చినది మన ఒంటికి తగ్గట్టు ఒదిగినప్పుడు దాన్ని చెడిపోవడం అనలేం.

ఇక తీన్‌మార్ సంగతి. హైదరాబాదులో మాసాబ్‌ట్యాంకు పక్కన ఏసీ గార్డ్స్ అనే ప్రాంతం ఉంది. రోజూ ఆ పేరు పలికేవాళ్లలో చాలామందికి అది ‘ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్’ అన్న మాటకు పొట్టిరూపమని తెలియదు. నిజాం అశ్వికదళంలో కొలువుచేసిన ఆఫ్రికా సంతతివాళ్లు, అంటే సిద్దీలు, కాపురమున్న చోటు అది. వాళ్లను మొదట దళంగా కూర్చింది వనపర్తి సంస్థానం. తర్వాత ఆ దళం నిజాం కొలువుకు చేరింది. అదే కాలంలో యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సైనికులు నగరానికి దక్షిణాన బార్కస్‌లో స్థిరపడ్డారు. బ్యారక్స్ అన్న ఇంగ్లీషు మాటే నోళ్లలో నలిగి బార్కస్ అయింది. హిందూ మహాసముద్రం మీద వందల ఏళ్లు సాగిన వర్తకం వల్ల, దాని నీడలో సాగిన బానిస వ్యాపారం వల్ల, అరేబియా తీరపు పాటల్లో అప్పటికే తూర్పు ఆఫ్రికా తాళం ఇంకి ఉంది. ఈ రెండు సమూహాల చేతుల్లో, దక్కన్ గాలిలో పెరిగిందే మర్ఫా. తోలు వాయిద్యాలు, డఫ్‌లు, పుల్లలతో మోగించే లోహపు బిందె, వాటి ముందు కర్రలూ కత్తులూ తిప్పుతూ ఆడే మనుషులు, ఇదీ మర్ఫా స్వరూపం. 1948లో హైదరాబాదు భారత యూనియన్‌లో కలిశాక ఆ సైనిక కొలువులు పోయాయి. గుర్రమూ జీతమూ పోయినవాళ్లకు చేతిలో మిగిలిన విద్యల్లో ఈ వాద్యం ఒకటి. పెళ్లి బరాతుల ముందు దాన్ని వాయించి పొట్టపోసుకున్నారు. తీన్‌మార్ అంటే మూడు దెబ్బలు. మర్ఫా నడకల్లో అది ఒకటి. డప్పు కళాకారులు దాన్ని తమ తోలు మీదకు తెచ్చుకున్నారు, బోనాల్లో మోగించారు. సినిమా దాన్ని ఎత్తుకుంది. సినిమా వెంట అది స్వర్ణముఖి ఒడ్డుకు చేరింది. ఇవాళ కాళహస్తిలో ఆ దెబ్బకు ఆడే కుర్రవాడికి తన కాలు ఏ సముద్రం దాటి వచ్చిన అడుగు వేస్తోందో ఎవరూ చెప్పలేదు.

ఆఫ్రికా సంతతివాళ్ల కథ హైదరాబాదుతో ఆగదు. మన పక్క రాష్ట్రం కర్ణాటకలో, ఉత్తర కన్నడ జిల్లా అడవి ఊళ్లలో మరో సిద్దీ సమాజం ఉంది. పోర్చుగీసువాళ్లు గోవాకు బానిసలుగా తెచ్చినవాళ్లలో తప్పించుకుని కనుమల్లోకి పారిపోయినవాళ్లు వాళ్ల పూర్వీకుల్లో ఉన్నారు. ఆ సిద్దీల్లో హిందువులున్నారు, ముస్లింలున్నారు, క్రైస్తవులున్నారు. మాటలో కొంకణీ కన్నడమూ కలిసిపోయాయి. మతాలు మూడైనా డమామీ డోలు చుట్టూ ఆడే ఆట మాత్రం అందరిదీ. 2003లో వాళ్లకు షెడ్యూల్డ్ తెగ గుర్తింపు దొరికింది. ఇక మన తెలుగువాళ్లే వెళ్లి ఇలాంటి సంగమంలో నిలిచిన చోటు మారిషస్. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల్లో పనికి 1830ల నుంచి కూలీలను ఓడలెక్కించారు. కోరంగి రేవు నుంచి వెళ్లినందుకు అక్కడ తెలుగువాళ్లకు కోరంగివాళ్లని పేరు వచ్చింది. వాళ్లు ఆ దీవికి చేరేనాటికే అక్కడ సెగా ఉంది. ఆఫ్రికా, మడగాస్కర్ నుంచి తెచ్చిన బానిసలు పగటి చాకిరీ తర్వాత మంట చుట్టూ ఆడిన ఆట అది. పాట క్రియోల్ భాషలో ఉంటుంది. ఆ భాషకు మాటల రాశి ఫ్రెంచి ఇచ్చింది. పాదం నేల విడవకుండా జరుపుతూ, నడుము కదిలిస్తూ ఆడతారు. దానికి ప్రాణం రవాన్ అనే డోలు: చట్రానికి మేకతోలు బిగించి, వాయించేముందు మంట దగ్గర కాస్తారు. పలకను కాచడం ఎరిగిన మన మనుషులకు ఆ మంట పరాయిది అనిపించి ఉండదు. 2014లో యునెస్కో సెగాను మానవజాతి వారసత్వంగా గుర్తించింది. ఇవాళ అది క్రియోల్ జనానికే పరిమితం కాదు, దీవి అంతటిదీ. అయినా మారిషస్ తెలుగువాళ్లు రామభజన మానలేదు, సింహాద్రి అప్పన్నను మరవలేదు. సెగా వచ్చి రామభజనను తరిమేసిందని వాళ్లెవరూ అనలేదు.

దూరదేశాల వైపు చూసినా ఇదే తేలుతుంది. కొలంబియా కుంబియాలో పొడవాటి గైటా పిల్లనగ్రోవులు మూలవాసులవి, డోళ్లు ఆఫ్రికన్లవి, ఆడవాళ్లు అంచు పట్టి తిప్పే వెడల్పాటి పావడ స్పెయినుది. ఐరోపా సొంతమని అందరూ అనుకునే ఫ్లమెంకోను తీసుకుందాం. అండలూసియాలో దాన్ని పెంచినవాళ్లలో ముఖ్యులు గితానోలు, అంటే రోమా జాతివాళ్లు. వాళ్ల పూర్వీకులు భారతదేశం నుంచి వెళ్లినవాళ్లని భాషాశాస్త్రమూ జన్యుశాస్త్రమూ రెండూ చెబుతున్నాయి. ఇప్పుడు ఫ్లమెంకో వేదికల మీద మోగే కహోన్ అనే చెక్కపెట్టె పెరూలో ఆఫ్రికా సంతతివాళ్లు సృష్టించిన వాయిద్యం. గిటారు విద్వాంసుడు పాకో దె లూసియా 1970లలో దాన్ని పెరూలో చూసి స్పెయినుకు తెచ్చారు. ఐరోపా నాట్యం అని మనం వేలెత్తి చూపేదానిలో మన దేశం నుంచి వెళ్లినవాళ్ల వారసుల అడుగుంది, ఆఫ్రికా చేతి దెబ్బ ఉంది. స్వచ్ఛమైన పరాయిది దొరకనప్పుడు స్వచ్ఛమైన మనది మాత్రం ఎక్కడ దొరుకుతుంది?

స్వచ్ఛత కోసం పట్టుపట్టినచోట మూల్యం ఎవరు చెల్లించారో కూడా చరిత్రలో ఉంది. గమకం పలకదని, పరాయి వాయిద్యమని ఆకాశవాణి 1940లో హార్మోనియంపై నిషేధం పెట్టింది. 1971 దాకా అది సడలలేదు. గమకం పలకదన్న మాటలో నిజం ఉంది. అయినా అదే మూడు దశాబ్దాల్లో మన చిత్తూరు జిల్లా పల్లెల్లో ధర్మరాజుల గుళ్ల దగ్గర భారత ఉత్సవాలు హార్మోనియం మీదే నడిచాయి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, అర్జునుడు తపస్సు మానెక్కినా దుర్యోధనుడు నేలకూలినా పక్కన ఆ పెట్టె మోగాల్సిందే. ఢిల్లీ వద్దన్న వాయిద్యాన్ని పల్లె కళాకారుడు గుండెకు హత్తుకున్నాడు. అతనికి ఆ నిషేధం వల్ల రేడియో గుమ్మం మూసుకుపోయింది. ఇంతకన్నా పెద్ద ఉదాహరణ సాదిర్. 1930లలో దాన్ని శుద్ధి చేయాలన్న ఉద్యమం బయల్దేరి, భరతనాట్యం అన్న పేరు నిలబడింది. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ సమర్పణను నిషేధించే చట్టం చేసింది. ఆడపిల్లల దోపిడీని ఆపాలన్న నిజమైన ఆశయం ఆ చట్టం వెనుక ఉంది, దాన్ని కాదనలేం. కానీ ఆట బతికింది, ఆట నేర్పిన ఆడవాళ్ల వేదిక పోయింది. క్షేత్రయ్య పదాలకూ, మన కార్వేటినగరం సారంగపాణి పదాలకూ అభినయం పట్టినవాళ్లు వంటింటి గోడల వెనక్కి వెళ్లిపోయారు. ఆ పరిస్థితుల్లో నటరాజ రామకృష్ణ ఆ వృద్ధ కళావంతుల ఇళ్లకు వెళ్లి నేర్చుకున్నారు. కాళహస్తికి పొరుగునున్న నాయుడుపేటను పేరులో మోసిన రాజమ్మ ఆయన గురువుల్లో ఒకరు. ఆయన ఆంధ్రనాట్యానికి ప్రాణం పోసినప్పుడు ఎవరి దగ్గర నేర్చుకున్నారో దాచలేదు. బ్రెజిల్‌లో ఇంకా కఠినంగా జరిగింది. ఆఫ్రికన్ బానిసల సంతతి ఆడే కపోయెరాను 1890 నాటి శిక్షాస్మృతి నేరంగా ప్రకటించింది. నేడు అదే ఆట ఆ దేశానికి గుర్తింపు చిహ్నం. అన్నిచోట్లా స్వచ్ఛత మోపిన భారం ఆడేవాళ్ల వీపు మీదే పడింది.

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటి వస్తుంది. కలయిక అని అందంగా చెబుతున్నారు, నిజానికి జరుగుతోంది కబళింపు కదా, డీజే పెట్టెలు వచ్చి పలకల వాళ్ల నోటికాడి కూడు తీయలేదా అని అడుగుతారు. ఈ ప్రశ్న న్యాయమైనది. తీన్‌మార్ డీజేలో మోగుతోందని పలక మూలపడిన మాట నిజం. కానీ డీజే పెట్టె చేసిన పనిని కలయిక అనకూడదు. కలయికలో ఇద్దరు మనుషులు ఎదురుపడతారు. ఒకడి దెబ్బ ఇంకొకడు విని, తన చేతికి తగ్గట్టు మార్చుకుంటాడు. సిద్దీ చేతి దెబ్బను డప్పు కళాకారుడు అందుకున్నప్పుడు వాయించే చేతులు పెరిగాయి. రికార్డయిన శబ్దం వచ్చి నలుగురు వాయించేచోట ఒక మీట నొక్కే మనిషిని నిలబెట్టినప్పుడు చేతులు తగ్గాయి. కాబట్టి ఏ కొత్త కలయిక వచ్చినా అడగాల్సిన ప్రశ్న సులువైనది: ఇది వచ్చాక వాయించే చేతులు, ఆడే కాళ్లు పెరిగాయా, తగ్గాయా? దాని పుట్టుక ఏ దేశంలో అన్నది ఆ తర్వాతి సంగతి. ఈ కొలత పెట్టుకుంటే బ్యాండుమేళం ఐరోపాదైనా మనకు మేలు చేసింది, ఎందరో పేద కుటుంబాలకు కూడు పెట్టింది. డీజే హోరు తెలుగు పాటే మోగించినా మన ఆటకు చేటు చేస్తోంది. పెద్దల బాధకు అసలు కారణం అదే. వాళ్లు దాన్ని పరాయిదనం మీద మోపుతున్నారు, మోపాల్సింది మనుషుల్ని తీసేయడం మీద.

రెండో ఆక్షేపణ పవిత్రతకు సంబంధించినది. ఇది క్షేత్రం, ఇక్కడ ఏది పడితే అది కలపడానికి వీల్లేదంటారు. ఆగమం ప్రకారం జరగాల్సిన కైంకర్యాల్లో మార్పులు చేయమని ఎవరూ అడగడం లేదు. గర్భాలయానికి ఉన్న నియమం వేరు, వీధికి ఉన్న స్వేచ్ఛ వేరు. ఆ హద్దు మన పెద్దలకు బాగా తెలుసు. కానీ పవిత్రత పేరుతో పరాయిదాన్ని అంటరానిదిగా చూడడానికి ఈ క్షేత్రం ఒప్పుకోదు. బోయవాడైన తిన్నడు, అంటే మన కన్నప్ప, పుక్కిట పట్టిన నీళ్లతో అభిషేకించి, వేటాడిన మాంసం నైవేద్యం పెడితే పూజారి అది అపచారమనుకున్నాడు. స్వామి మాత్రం స్వీకరించాడు. ధూర్జటి కావ్యం చదివినవాళ్లకూ, చదవనివాళ్లకూ తెలిసిన కథ అది. ఈ ఊరు ఆ కథ చెప్పుకుని ఊరుకోలేదు. ఏటా మహాశివరాత్రి బ్రహ్మోత్సవాలు మొదలయ్యేది భక్త కన్నప్ప కొండ మీద ధ్వజారోహణంతో. స్వామివారి ధ్వజస్తంభం వంతు ఆ తర్వాతే. అడవి నుంచి వచ్చినవాడి కానుకను తీసుకోవడం ఒక ఎత్తు. తీసుకున్నందుకు అతని పేరు ముందు నిలపడం దానికన్నా పెద్ద ఎత్తు. కలయికకు ఇంతకంటే మంచి నియమం ఇంకెక్కడా వెతకనక్కర్లేదు.

మూడో ఆక్షేపణ ఇంకా లోతైనది. ఈ కలయికలన్నీ బానిసత్వం, వలస పాలన, కులం కొరడా కింద జరిగాయి. వాటిని పండగలా చెప్పుకోవడం ఆ హింసను కప్పిపుచ్చడం కాదా? అవును, అలా చెప్పుకుంటే కప్పిపుచ్చడమే. ఆఫ్రికన్లలో ఎందరో దక్కనుకు ఇష్టపడి రాలేదు. అమ్ముడుపోయి వచ్చారు. ఇథియోపియాలో పుట్టి బానిసగా చేతులు మారి, అహమదునగరాన్ని నడిపిన సేనానిగా ఎదిగిన మాలిక్ అంబర్ కథ అపురూపమైనది. ఆ ఒక్క పేరు వెనుక పేరు లేకుండా పోయినవాళ్లు లెక్కకు అందరు. కోరంగి నుంచి ఓడెక్కినవాళ్లలో ఎందరికి తాము సంతకం పెట్టిన ఒప్పందంలో ఏముందో తెలుసు? పలక కొట్టినవాడు తన ఇష్టంతోనే చావుల ముందు నిలబడ్డాడని ఎవరు చెప్పగలరు? ఈ హింసకు జవాబు ఆ ఆటను పక్కన పెట్టేయడం కాదు. పక్కన పెడితే వాళ్లు రెండోసారి చెరిగిపోతారు. తాళంలో, అడుగులో వాళ్లు దాచుకున్న బతుకును వాళ్ల పేరుతోనే చెప్పుకోవడం ఒక్కటే న్యాయం. సెగాకు వచ్చిన గుర్తింపులో మారిషస్ బానిసల చరిత్ర కూడా లోకానికి వినపడింది. తీన్‌మార్‌కు మన దగ్గర పేరుంది, చరిత్ర లేదు.

పేరు చెప్పకపోతే ఎలా ఉంటుందో మనకూ ఒకసారి అనుభవమైంది. 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ చిత్రంలోని ‘నాటు నాటు’ పాట ఇంగ్లీషువాళ్ల విందులో ఇద్దరు తెలుగు యువకుల నాటు అడుగును నిలబెట్టింది. ఆ సన్నివేశంలో సల్సా, ఫ్లమెంకో పేర్లు దొరల నాట్యాలుగా వినిపిస్తాయి. సల్సా వేరు క్యూబాలోని ఆఫ్రికా సంతతివాళ్ల తాళంలో ఉంది, ఫ్లమెంకో సంగతి పైన చెప్పుకున్నాం. అంటే ఆ విందులో దొరలు గొప్పగా ఆడినదీ వాళ్ల సొంతం కాదు. 2023 మార్చిలో ఆ పాట ఆస్కార్ గెలిచింది. కీరవాణి, చంద్రబోస్ వేదికెక్కితే తెలుగునేల పొంగిపోయింది. ప్రేమ్ రక్షిత్ కూర్చిన అడుగులు లోకమంతా ఆడింది. అదే రాత్రి ఆస్కార్ వేదిక మీద ఆ పాటకు ఆడిన బృందంలో దక్షిణాసియా మూలాలున్నవాళ్లకు చోటు దక్కలేదని విమర్శ లేచింది. మన అడుగు అక్కడుంది, మన మనిషి లేడు అని చాలామంది నొచ్చుకున్నారు. ఆ నొప్పి న్యాయమైనదైతే, తీన్‌మార్ మోగే ప్రతి తెలుగు వేదిక మీదా సిద్దీలకు అదే నొప్పి పడే హక్కుంది. పలక దెబ్బ సినిమా పాటైనప్పుడు పలక కొట్టినవాడికీ ఉంది. మనకు జరిగితే అన్యాయం, మనం చేస్తే అలవాటు అనడం కుదరదు.

ఈ విషయంలో దారి కాళహస్తికి బయట వెతకనక్కర్లేదు, కలంకారీలోనే ఉంది. కలం, కారీ రెండూ పారశీకం నుంచి వచ్చిన మాటలు. కోరమండల్ తీరంలో ఈ అద్దకం బట్టల కోసం ఐరోపా కంపెనీలు పోటీపడ్డాయి. అయినా వెదురుకలం పట్టి రామాయణ, భారత కథలు గీసే మన పనివాళ్ల కళ పరాయిదని ఎవరూ అనరు. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చాక బట్ట ఎక్కడ అమ్మినా ఊరి పేరు దాని వెంట వెళ్లాలి. ఆ గుర్తింపుతోనే పనివాడి కష్టాలన్నీ తీరలేదు, యంత్రపు అచ్చుబట్టలు ఇంకా ఆ పేరు వాడుకుంటూనే ఉన్నాయి. కానీ ఇది మా పేరు అని నిలదీయడానికి అతనికి ఒక ఆధారం దొరికింది. బట్టకు చేసిన న్యాయం ఆటకూ చేయాలి. అందుకు పెద్ద చట్టాలేమీ అక్కర్లేదు. బ్రహ్మోత్సవాల సాంస్కృతిక వేదిక మీద, కళాశాల వార్షికోత్సవంలో, జాతర కమిటీ కరపత్రంలో ఆట పేరుతోపాటు అది ఎక్కడ పుట్టి ఎవరి చేతుల మీదుగా ఇక్కడికి వచ్చిందో రెండు వాక్యాలు చెప్పాలి. ఊరేగింపు ఖర్చులో డీజేకు రాసే మొత్తంలో కొంతైనా పలకల వాళ్లకు, బ్యాండుమేళానికి రాయాలి. బడి పాఠాల్లో కూచిపూడి పక్కన మర్ఫాకూ, సిద్దీలకూ, మారిషస్ తెలుగువాళ్లకూ ఒక పేజీ ఉండాలి. రెండు తెలుగు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలు మర్ఫా పెద్దలనూ పలక పెద్దలనూ ఒకే వేదిక మీద కూర్చోబెట్టాలి. ఆ కళలు వాళ్లు నేర్పితే మన పిల్లలు నేర్చుకోవాలి, నేర్పినందుకు వాళ్లకు గౌరవ వేతనం ముట్టాలి.

ఇవన్నీ ఒక్క ఏడాదిలో జరగవు. ఒక్క పని మాత్రం వచ్చే పండగకే మొదలుపెట్టవచ్చు, దానికి పైసా ఖర్చు లేదు. ఆట మొదలయ్యేముందు మైకు పట్టుకున్న మనిషి దాతల పేర్లు వరసగా చదువుతాడు, పెద్దమనుషుల పేర్లు చదువుతాడు. ఆ వరసలో పలక కొట్టేవాళ్ల పేర్లు, క్లారినెట్టు ఊదేవాళ్ల పేర్లు కూడా చదవాలి. దెబ్బ తీన్‌మార్‌కు మారబోయేముందు, ఇది ఆఫ్రికా నుంచి హైదరాబాదుకు వచ్చి సిద్దీల చేతుల మీదుగా మనకు అందిన దెబ్బ అని ఒక్క మాట చెప్పాలి. కుర్రవాళ్లు ఆడే ఆట అదే ఉంటుంది, అడుగులూ అవే ఉంటాయి. వాటి వెనుక నిలబడ్డ మనుషులు మాత్రం మన వీధిలోకి, కన్నప్ప జెండా ముందుగా ఎగిరే ఈ ఊళ్లోకి, తమ సొంత పేర్లతో నడిచి వస్తారు.